ట్రాకర్ బండిలో ఉంటే చాలదు, పాలసీ నడిచినన్నాళ్లూ పనిచేస్తూ ఉండాలి

ప్రశ్న: కావలిలో సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. పాత ఓనరు పెట్టించిన జీపీఎస్ ట్రాకర్ డ్యాష్‌బోర్డు లోపల ఉంది గానీ ఎక్కడా లొకేషన్ చూపించడం లేదు. పాలసీలో మాత్రం యాంటీ థెఫ్ట్ డిస్కౌంట్ కింద 212 రూపాయలు తగ్గించారు. ట్రాకర్ యాక్టివేట్ చేయకపోతే ఇన్సూరెన్స్ చెల్లదా?

ట్రాకర్ ఆగిపోయినంత మాత్రాన పాలసీ మొత్తం రద్దయిపోదు. థర్డ్ పార్టీ భాగానికి దీనితో సంబంధమే లేదు. మీ బండి తగిలి ఎవరికైనా దెబ్బలు తగిలితే పరిహారం ఇవ్వనని చెప్పడానికి మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ కంపెనీకి కొన్ని కారణాలే ఇచ్చింది, వాటిలో ట్రాకర్ లేదు. బండి గుద్దుకుని బంపరు పోయిన క్లెయిమ్‌కి కూడా దీన్ని ముడిపెట్టడంలో పస ఉండదు. చిక్కంతా దొంగతనం క్లెయిమ్‌లోనే. అక్కడ మాత్రం ఈ 212 రూపాయలు మీ ఐదారు లక్షల ఐడీవీకి, అంటే బండి పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తానికి, అడ్డం పడగలవు.

కారణం ఇదీ. మోటారు టారిఫ్‌లో, అంటే బండి పాలసీల ఉమ్మడి నిబంధనల్లో, ఐఎంటీ 10 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జోడించే అదనపు షరతు) ఉంది. ఏఆర్‌ఏఐ (పుణెలోని వాహన పరీక్షా సంస్థ) ఆమోదించిన యాంటీ థెఫ్ట్ పరికరం బిగించినట్టు సర్టిఫికేట్ ఉంటే ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం, దొంగతనం) ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గిస్తారు. మీకు తగ్గించింది 212 అంటే మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,480 రూపాయలన్నమాట. అయితే అదే ఎండార్స్‌మెంట్‌లో ఇంకో వాక్యం ఉంటుంది: పాలసీ ముగిసేదాకా ఆ పరికరాన్ని సక్రమంగా పనిచేసే స్థితిలో ఉంచే బాధ్యత పాలసీదారుదే. జనం డిస్కౌంట్ అంకె చూస్తారు గానీ ఈ వాక్యం చదవరు. బండి పోయాక వచ్చే ఇన్వెస్టిగేటర్ మొట్టమొదట చదివేది దీన్నే. ట్రాకర్ చివరి డేటా 8 నెలల కిందటిదని తేలితే షరతు ఉల్లంఘన అని రాసేస్తాడు.

అలా రాసినా అంతటితో అన్నీ పోయినట్టు కాదు. ప్రైవేటు కారుని కిరాయికి తిప్పుతుండగా దొంగలు ఎత్తుకెళ్లిన నితిన్ ఖండేల్వాల్ కేసులో, షరతు ఉల్లంఘన ఉన్నా క్లెయిమ్ మొత్తం కొట్టేయడం కుదరదనీ, నాన్ స్టాండర్డ్ పద్ధతిలో, అంటే షరతు తప్పినందుకు కొంత కోసి, 75 శాతం ఇవ్వాలనీ వచ్చిన తీర్పు 2008లో సుప్రీంకోర్టులోనూ నిలబడింది. కానీ ఆ 75 శాతం కోసం ఏళ్ల తరబడి తిరగాలి. 212 రూపాయల కోసం ఆ తిప్పలు తెచ్చుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

పాలసీ షెడ్యూల్ తీసి ఎండార్స్‌మెంట్ నంబర్లు ఉన్న వరుస చూడండి. సాధారణంగా చివరి పేజీలోనో, ప్రీమియం పట్టిక కిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. 22 అంటే కంపల్సరీ డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన మొత్తం), 28 అంటే జీతం డ్రైవరుకి లయబిలిటీ, 7 అంటే ఫైనాన్స్ హైపోథికేషన్ (బండి మీద లోన్ ఉందని), 8 అంటే ఆటోమొబైల్ అసోసియేషన్ సభ్యత్వం. 10 ఉందా లేదా అన్నదే మీకు కావాల్సింది. 10 లేకపోతే, ట్రాకర్ గురించి వేరే షరతేదీ రాసి లేకపోతే, ట్రాకర్ పనిచేయడం మీ జాగ్రత్త కోసమే తప్ప పాలసీ షరతు కాదు. కిలోమీటర్ల లెక్కన ప్రీమియం కట్టే పాలసీలు మాత్రం వేరు. 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాటికి దారి తెరిచింది. కంపెనీ ఇచ్చిన పరికరంతో లెక్క తీసుకునే పాలసీ అయితే దాన్ని పీకడం, ఆపడం రెండూ షరతు తప్పడమే అవుతాయి.

ఇక్కడే ఎక్కువమంది కాలు జారే చోటు ఇంకొకటుంది. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు యాంటీ థెఫ్ట్ పరికరం ఉందా అని ఒక గడి వస్తుంది. బండిలో ఏదో ట్రాకర్ ఉంది కదా అని టిక్ కొట్టేస్తారు. ఆ గడి అడిగేది ఏఆర్‌ఏఐ ఆమోదం ఉన్న పరికరం గురించి. ఆన్‌లైన్‌లో పదిహేను వందలకి కొన్న ట్రాకర్ ఎంత బాగా పనిచేసినా, దానికి ఆమోదపత్రం, బిగించిన సర్టిఫికేట్ లేకపోతే ఆ టిక్ తప్పుడు సమాచారం కిందికే వస్తుంది. మీ పాత ఓనరు దగ్గర ఆ రెండు కాగితాలూ ఉన్నాయేమో ముందు అడగండి. లేకపోతే కింద యాక్టివేషన్ గురించి చెప్పినదంతా బండి కాపాడుకోవడానికి పనికొస్తుంది గానీ డిస్కౌంట్‌ని నిలబెట్టదు.

ట్రాకర్ కంటే ముందు చూసుకోవాల్సింది పాలసీ ఎవరి పేరు మీద ఉందన్నది. ఆర్సీ మీ పేరుకి మారినా, థర్డ్ పార్టీ కవర్ మాత్రమే దానంతటది మీకు వస్తుంది. దొంగతనం, డ్యామేజీ కవర్ కావాలంటే బండి చేతులు మారిన 14 రోజుల్లోపల కంపెనీకి దరఖాస్తు పెట్టి పేరు మార్పించుకోవాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనకే చెందుతుంది, ఆ తేడా మీరు కట్టాలి. ఇది చేయకుండా ట్రాకర్ ఎంత బాగా వెలిగినా ఉపయోగం లేదు.

ఇప్పుడు యాక్టివేషన్. పరికరం బయటికి తీసి దాని మీది స్టిక్కర్‌పై 15 అంకెల ఐఎంఈఐ నంబరు, మోడల్ పేరు ఫోటో తీసుకోండి. ఆ నంబరు అమ్మిన కంపెనీకో, యాప్ సపోర్టుకో ఇస్తే ఎవరి ఖాతాలో ఉందో, సర్వర్ సబ్‌స్క్రిప్షన్ ఎప్పుడు అయిపోయిందో చెబుతారు. పాత ఓనరు తన ఖాతాలోంచి తీసేస్తేనే మీ ఖాతాలోకి ఎక్కుతుంది. ఆయన పాస్‌వర్డు అడిగి వాడుకుంటే సరిపోదు. అలా చేస్తే అలర్టులు ఆయన ఫోనుకే పోతాయి, రాత్రి రెండింటికి మీ బండి కదిలిందని ఆయనకి తెలుస్తుంది, మీకు తెలియదు. ఫాస్టాగ్‌కీ ఇదే వర్తిస్తుంది. ట్యాగ్ ఇంకా ఆయన పేరు మీదే ఉంటే టోల్ దాటిన ఎస్ఎంఎస్ ఆయనకే వెళ్తుంది.

తర్వాత సిమ్. ట్రాకర్లలో చాలా మటుకు 2జీ పరికరాలే. వాటిలో జియో సిమ్ వేస్తే ఎన్నాళ్లు చూసినా రాదు, ఎందుకంటే జియోకి 2జీ లేదు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ సిమ్ పనిచేస్తుంది. మామూలు 10 అంకెల సిమ్ అయితే పాత ఓనరు పేరు మీద ఉన్నదాన్ని రీచార్జి చేయకండి, మీ పేరు మీద కొత్తది తీసుకుని వేయండి. రీచార్జి ఆగిన నంబరు కొన్నాళ్లకి ఇంకొకరికి పోతుంది. 13 అంకెల నంబరుంటే అది ఎం2ఎం (పరికరాల కోసమే ఇచ్చే) సిమ్, దాన్ని బజారులో రీచార్జి చేయలేరు, అమ్మిన కంపెనీ దగ్గరే రెన్యువల్ చేయించాలి. కొత్త సిమ్‌కి పిన్ లాక్ ఉండకూడదు, డేటా ప్యాక్‌తో పాటు ఎస్ఎంఎస్ సౌకర్యం ఉండాలి, పరికరంలో ఆ నెట్‌వర్క్ ఏపీఎన్ (డేటా కనెక్షన్‌కి కావాల్సిన పేరు) సెట్ చేయాలి. సిమ్ మార్చాక చాలామంది మరిచిపోయేది ఈ ఏపీఎన్‌నే. లైటు వెలుగుతుంది, ఫోన్ చేస్తే రింగవుతుంది, యాప్‌లో మాత్రం ఆఫ్‌లైన్ అని ఉంటుంది. అలా కనిపిస్తే పరికరం పాడైందని పారేయకండి, ఏపీఎన్ చూడండి.

టైమ్ జోన్ కూడా అప్పుడే సరిచేయాలి. కొన్ని పరికరాలు గ్రీన్విచ్ సమయంలో వస్తాయి. మనది దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. సరిచేయకపోతే తెల్లవారుజామున 2 గంటలకి పోయిన బండి, ట్రాకర్ రిపోర్టులో ముందురోజు రాత్రి 8.30కే కదిలినట్టు కనిపిస్తుంది. ఎఫ్ఐఆర్‌లో ఒక టైము, రిపోర్టులో ఇంకో టైము. ఆ ఒక్క తేడా పట్టుకుని నెలల తరబడి ప్రశ్నలు వేస్తారు.

వైరింగ్ దగ్గర మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకోండి. మామూలుగా ఎరుపు తీగ బ్యాటరీ 12 వోల్టులకి, నలుపు ఎర్త్‌కి, ఆరెంజ్ ఇగ్నిషన్‌కి, పసుపు రిలేకి (ఇంజన్ ఆపే స్విచ్చుకి) పోతాయి. రంగులు మోడల్‌ని బట్టి మారతాయి కాబట్టి పుస్తకం చూసి, మల్టీమీటరుతో కొలిచి కలపాలి. ఎరుపు తీగ తాళం తీసేసినా కరెంటు ఉండే లైనుకే కలవాలి. బిగించేవాళ్లు తొందరలో దాన్ని మ్యూజిక్ సిస్టమ్ వెనక, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఏసీసీ లైనుకి కలిపేస్తుంటారు. అప్పుడు పగలు తిరిగేటప్పుడు ట్రాకర్ చక్కగా కనిపిస్తుంది. రాత్రి తాళం తీసి పడుకున్నాక లోపలి చిన్న బ్యాటరీ మీద కొన్ని గంటలు నడిచి చచ్చిపోతుంది. దొంగ వచ్చే టైముకి సరిగ్గా అది ఉండదు. పరీక్ష తేలికే: ఇంజన్ ఆపి, తాళం తీసి, పది నిమిషాలయ్యాక ఎరుపు తీగ దగ్గర మీటరు పెడితే 12.4 నుంచి 12.7 వోల్టులు చూపించాలి. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. తాళం తీయగానే సున్నాకి పడితే లైను తప్పు. ఎరుపు తీగకి 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరిగా ఉండాలి, ఫ్యూజు బాక్సుకి వీలైనంత దగ్గరలో. తీగ చెక్కి చుట్టి టేపు వేసిన జాయింటు మన ఎండలకి రెండేళ్లలో జిగురు కారి ఊడుతుంది. ఫ్యూజు ట్యాప్ గానీ, సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేసిన జాయింటు గానీ కావాలి. పాడు వైరింగ్ వల్ల బండి కాలితే అది మరో క్లెయిమ్ తగాదా అవుతుంది.

ఇంజన్ కట్ రిలే పెట్టాలా అని చాలామంది అడుగుతారు. పెడితే ఫ్యూయల్ పంపు తీగకే, అదీ రిలే మీద 30, 87ఏ అని రాసి ఉన్న కాళ్ల మధ్య, అంటే రిలే చచ్చిపోయినా బండి నడిచే పద్ధతిలో పెట్టాలి. 12 వోల్టుల 40 ఆంపియర్ల రిలే, కాయిల్‌కి అడ్డంగా డయోడ్. డయోడ్ లేకపోతే రిలే ఆఫ్ అయినప్పుడు వచ్చే ఎదురు వోల్టేజికి ట్రాకర్ అవుట్‌పుట్ కాలిపోతుంది. బండి కదులుతుండగా ఎప్పుడూ కట్ చేయొద్దు. హైవే మీద వంద స్పీడులో ఇంజన్ ఆగితే స్టీరింగ్, బ్రేకు రెండూ బిగుసుకుంటాయి, వెనక వచ్చే లారీ కింద పడేది దొంగ ఒక్కడే కాకపోవచ్చు. వేగం 20 కిలోమీటర్ల లోపుంటేనే కట్ అయ్యేలా చాలా పరికరాల్లో సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేసుకోండి. కంపెనీ వారంటీలో ఉన్న బండికి మాత్రం రిలే వద్దు, ఫ్యూయల్ లైను తీగ కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ పోగొట్టుకున్నట్టే.

ఎక్కడ పెట్టాలన్నది మన జిల్లాల్లో ఆలోచించాల్సిన విషయం. విండ్‌షీల్డు కింద డ్యాష్‌బోర్డు పైపొరలో పెడితే సిగ్నల్ బాగుంటుంది గానీ మే నెల ఎండకి లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. కార్పెట్టు కింద పెడితే నీళ్లు. 2021 నవంబరు పెన్నా వరదల్లాంటివి వస్తే ముందు తడిసేది ఫ్లోరే. మైపాడు, కొత్తపట్నం వైపు, రొయ్యల గుంటల దగ్గర రోజూ తిరిగే బండ్లకి ఉప్పు గాలికి కనెక్టరు పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. ఏడాదికోసారి కనెక్టరు ఊడదీసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కొంచెం డైఎలక్ట్రిక్ గ్రీజు రాయాలి. స్టీరింగ్ కాలమ్‌కీ, ఇనప రేకుకీ దూరంగా, స్పీడోమీటరు వెనక ప్లాస్టిక్ భాగంలో యాంటెన్నా వైపు ఆకాశానికి ఉండేలా కట్టడం మంచిది. మెకానిక్ స్కానర్ పెట్టే ఓబీడీ సాకెట్‌లో గుచ్చే రకం దొంగకి ఐదు సెకన్ల పని, దాన్ని నమ్ముకోవద్దు.

బండి ఎక్కువ రోజులు ఆపేవాళ్లు బ్యాటరీ లెక్క చూసుకోండి. ట్రాకర్ నిద్రలోకి పోకుండా 30 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకి 0.72 ఆంపియర్ అవర్. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం వాడుకోవచ్చనుకుంటే 24 రోజులు, బండి సొంత కరెంటు కూడా కలిస్తే రెండు వారాలకే స్టార్ట్ కాదు. స్లీప్ మోడ్ పెట్టి, కదిలితే లేచే వైబ్రేషన్ అలర్టు ఉంచండి. బ్యాటరీ దిగిపోతుందని ట్రాకర్ తీగ పీకేసి ఊరెళ్లిపోవడమే అన్నిటికంటే పెద్ద తప్పు.

అన్నీ కలిపాక పరీక్ష. ఆరుబయట పెట్టి మొదటిసారి ఉపగ్రహాలు దొరకడానికి పావుగంట ఆగండి. తాళం తిప్పగానే యాప్‌లో ఇగ్నిషన్ ఆన్ రావాలి, తీయగానే ఆఫ్ రావాలి. రాకపోతే ఆరెంజ్ తీగ తప్పు చోట ఉంది. ఐదు కిలోమీటర్లు తిప్పి, రూటు గీత రోడ్డు మీదే ఉందో లేదో చూడండి. ఫ్యూజు పీకి పవర్ కట్ అలర్టు ఎన్ని సెకన్లకి వచ్చిందో చూసి, మళ్లీ పెట్టండి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటులో సిగ్నల్ ఉండదు. పరికరం ఆ రూటుని దాచుకుని సిగ్నల్ రాగానే పంపాలి, అలా పంపకుండా ఖాళీ వదిలేస్తే మెమరీ పని చేయడం లేదన్నమాట.

ఇవన్నీ చేసినా రుజువు లేకపోతే చేయనట్టే లెక్క. బిగించిన లేదా మళ్లీ యాక్టివేట్ చేసిన తేదీ, ఐఎంఈఐ, ఛాసిస్ నంబరు, బండి నంబరు నాలుగూ ఉన్న సర్టిఫికేట్‌ని షాపు లెటర్‌హెడ్ మీద సంతకం, జీఎస్టీ బిల్లుతో తీసుకోండి. సబ్‌స్క్రిప్షన్, సిమ్ రెన్యువల్ రసీదులు దాచండి. నెలకోసారి తేదీ కనిపించేలా లొకేషన్ స్క్రీన్‌షాట్ తీసి మీ మెయిల్‌కి మీరే పంపుకోండి, మెయిల్ తేదీని ఎవరూ కాదనలేరు. సర్వర్‌లో రూటు చరిత్ర చాలా ప్లాన్లలో మూడు నెలలే ఉంటుంది. సబ్‌స్క్రిప్షన్ ముగిసే తేదీ పాలసీ ముగిసే తేదీకి ముందే పడుతుంటే, రెండూ ఒకే నెలకి వచ్చేలా ఒకసారి సర్దుకోండి.

కారు కంపెనీ నుంచే కనెక్టెడ్ సౌకర్యంతో (బండి ఎక్కడుందో ఫోన్‌లో చూపేది) వచ్చిన బండ్లకి, బ్లూలింక్, కియా కనెక్ట్, సుజుకి కనెక్ట్ లాంటివాటికి, ఈ వైరింగ్ గొడవ లేదు. వాటికి ఉచిత కాలం ఒకటి ఉంటుంది, అది అయిపోతే చప్పుడు లేకుండా ఆగిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు పాత ఓనరు ఖాతా తీయించి మీ పేరుతో కేవైసీ చేయించుకోవాలి. కారు కంపెనీ ఇచ్చిన ఇమ్మొబిలైజర్ తాళం (అసలు తాళం లేకుండా ఇంజన్ స్టార్ట్ కానివ్వనిది), ట్రాకర్ ఒకటి కావు, ఫారంలో ఏది అడిగారో చూసి రాయండి. ఎల్లో బోర్డు ట్యాక్సీ అయితే లెక్కే వేరు. 2019 జనవరి 1 తర్వాత రిజిస్టరైన ప్రయాణికుల రవాణా బండ్లకి ఏఐఎస్ 140 అనే ప్రమాణానికి తగ్గ ట్రాకింగ్ పరికరం, ఎమర్జెన్సీ బటన్ రూలు ప్రకారం ఉండాలి. మామూలు ట్రాకర్ దాని స్థానంలో చెల్లదు.

బండి పోతే వరస ఇది. ముందు యాప్‌లో లొకేషన్ స్క్రీన్‌షాట్, తర్వాత 112కి ఫోన్. మీరు వెంటపడొద్దు. నెల్లూరు దాటి చెన్నై వైపు పోతుంటే వెంకటాచలం, సూళ్లూరుపేట టోల్ గేట్లు, ఒంగోలు వైపు అయితే టంగుటూరు. ఫాస్టాగ్ ఎస్ఎంఎస్ వస్తే ఆ సమయం పోలీసులకి చెప్పండి. ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, మా పరిధి కాదంటే సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం 173వ సెక్షన్ ప్రకారం జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా నమోదు చేసేది) అడగండి. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, మెయిల్ కూడా పెట్టండి. ఎఫ్ఐఆర్ వెంటనే ఇచ్చి కంపెనీకి చెప్పడంలో మాత్రమే ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో గుర్షిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ అవసరం రానివ్వకండి. రెండు ఒరిజినల్ తాళాలూ అడుగుతారు. సెకండ్ హ్యాండ్ బండికి ఒక్క తాళమే ఇచ్చి ఉంటే ఇప్పుడే పాత ఓనరుతో రాయించుకుని, కొత్త తాళం కోడింగ్ చేయించుకుని బిల్లు ఉంచండి. చివరికి బండి దొరకలేదన్న పోలీసు ఫైనల్ రిపోర్టు వచ్చాకే డబ్బు కదులుతుంది. ట్రాకర్ సాకుతో తిరస్కరిస్తే కంపెనీ గ్రీవెన్స్ విభాగం, ఐఆర్‌డీఏఐ 155255 నంబరు లేదా దాని బీమా భరోసా పోర్టల్, ఆ తర్వాత హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, లేదా నెల్లూరు, ఒంగోలు జిల్లా వినియోగదారుల కమిషన్.

మీ విషయానికొస్తే, పాత ఓనరు దగ్గర ఏఆర్‌ఏఐ కాగితాలు దొరకకపోయినా, పరికరం బాగుపడకపోయినా, డిస్కౌంట్ వదిలేయడమే మేలు. ఈ రోజే కంపెనీకి మెయిల్ పెట్టండి: "నా పాలసీలో ఐఎంటీ 10 కింద ఇచ్చిన రాయితీని తొలగించగలరు. బండిలోని యాంటీ థెఫ్ట్ పరికరం ప్రస్తుతం పనిచేయడం లేదు. తేడా ప్రీమియం కడతాను, ఎండార్స్‌మెంట్ పంపగలరు." మిగిలిన నెలల లెక్కన కట్టేది పూర్తి ఏడాదికైనా 212, దాని మీద 18 శాతం జీఎస్టీతో 250 రూపాయలు. ఎండార్స్‌మెంట్ అది జారీ అయిన తేదీ నుంచే పనిచేస్తుంది కాబట్టి వాయిదా వేయకండి. మెయిల్ వచ్చాక కొత్త షెడ్యూల్ తెరిచి, ఆ నంబర్ల వరుసలో 10 పోయిందో లేదో మీ కళ్లతో చూసుకోండి.